25 పుస్తకాలు చదివాక ఆపేయొచ్చా అక్కా?

ఈ వారం ఉత్తరం కూకట్‌పల్లి నుంచి వచ్చింది. పెద్ద ఉత్తరం, కాస్త కుదించి ఇస్తున్నాను.

"అక్కా, నాకు 34 ఏళ్లు. ఇంటర్ సెలవుల్లో నేనూ మా పెదనాన్నగారి అమ్మాయీ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం నాడు 40 రూపాయలు పెట్టి ఒక వాంపైర్ నవల కొన్నాం. అనిత బ్లేక్ సిరీస్‌లో మొదటిది, గిల్టీ ప్లెజర్స్. ఒకే పుస్తకం కాబట్టి ముందు తను చదివి, నాకు నచ్చుతుందనుకున్న చోట పేజీ మూల మడిచి ఇచ్చేది. ‘మన అనిత’ అనే అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆ అక్క న్యూజెర్సీలో ఉంది. ప్రతి ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తుంది, అక్కడ శనివారం రాత్రి. పిల్లలూ ఆఫీసూ కబుర్లు అయ్యాక చివరికి అనిత దగ్గరికి వస్తాం. నాకు మాత్రం ఓపిక అయిపోయింది. 25వది, క్రిమ్సన్ డెత్, ఎనిమిది నెలలు పట్టింది. ఐర్లాండ్‌లో వాంపైర్ల కేసు కదా అని మొదలుపెడితే అక్కడికి చేరేసరికే సగం పుస్తకం అయిపోయింది. ఇంకా అయిదున్నాయి. అక్క అన్నీ చదివేసింది. ఎక్కడిదాకా వచ్చావ్ అంటే చదువుతున్నా అని అబద్ధం చెప్తున్నాను. ఆ పడకగది సీన్లు విసుగొస్తున్నాయి అని ఒకసారి అంటే, నువ్వు మరీ పాతకాలం మనిషివైపోతున్నావ్ అంది. ఇప్పుడు ఆపేస్తే ఇన్నేళ్లు చదివిందంతా వృథా కదా? ఆపేస్తే మేం మాట్లాడుకోడానికి ఏం మిగులుతుంది?"

అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ఆపేయ్. ముందు ఆ మాట చెప్పేసి తరవాత మిగతావి మాట్లాడుకుందాం, ఎందుకంటే నీ ఉత్తరం చదువుతుంటే ఎవరో ఒకరు ఆ మాట అంటే బావుండునని నువ్వు చాలాకాలంగా ఎదురుచూస్తున్నావని నాకు అర్థమైంది. ఎనిమిది నెలలు ఒక నవలని మోసుకు తిరగడం చదవడం కాదు తల్లీ, మొహమాటం. చుట్టాలింట్లో కడుపు నిండాక కూడా విస్తట్లో ఇంకో గరిటె వేయించుకుంటాం చూడు, అలాంటిది.

నేనూ ఈ సిరీస్‌ని పిచ్చిగా చదివినదాన్నే. 12వ పుస్తకం, ఇన్‌క్యుబస్ డ్రీమ్స్, దగ్గర ఆపేశాను. స్ట్రిప్ క్లబ్బుల్లో పనిచేసే ఆడవాళ్లని వాంపైర్లు చంపుతున్నారని కేసు మొదలవుతుంది. ఒక రాత్రి రెండింటికి మంచం మీద కూర్చుని ఆ కేసు మళ్లీ ఎక్కడొస్తుందా అని ఒక్కో పేజీ తిప్పుతూ పోయాను, చాలా పేజీలు తిప్పాను, రాలేదు, పుస్తకం మూసి దిండు పక్కన పెట్టేశాను. మర్నాడు తియ్యలేదు. ఆ తరవాత వారం కూడా తియ్యలేదు. అప్పట్లో నాకు చాలా బాధగా ఉండేది, స్నేహితురాలితో మాటలు మానేసినట్టు. ఎందుకు ఆపేశానో నాకు నేను చెప్పుకోడానికే చాలా ఏళ్లు పట్టింది, నీకు అంత టైం పట్టకూడదని ఇదంతా రాస్తున్నాను.

మనకి ఆ మొదటి పుస్తకాల్లో ఏం నచ్చిందో గుర్తుచేసుకో. రచయిత్రి లారెల్ కె. హామిల్టన్ 1993లో ఈ సిరీస్ మొదటి నవల వేసినప్పుడు ఆ లోకానికి గట్టి రూల్సు పెట్టింది. అమెరికా సుప్రీంకోర్టు వాంపైర్లకి హక్కులిచ్చేసింది, కాబట్టి కనిపించినవాడినల్లా చంపడం కుదరదు, కోర్టు ఆర్డరు కావాలి. వాళ్ల కళ్లలోకి సూటిగా చూడకూడదు. శిలువ పనిచేస్తుంది, కానీ పట్టుకున్నవాళ్లకి నమ్మకం ఉంటేనే. సెయింట్ లూయిస్‌లో అనిత ఉద్యోగం శవాల్ని లేపడం, వీలునామా తగాదాల్లాంటి వాటికోసం, ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చే క్లయింట్ల కోసం. ఎడంచేతి మీద శిలువ ఆకారంలో కాలిన మచ్చ. ఇంట్లో పెంగ్విన్ బొమ్మలు. 24 ఏళ్ల పొట్టి అమ్మాయి, పేరు కూడా మన పక్కింటి అమ్మాయి పేరే. మీరిద్దరూ మన అనిత అనుకున్నారంటే ఆశ్చర్యం ఏముంది.

అన్నిటికన్నా నాకు గట్టిగా గుర్తున్నది రెండో పుస్తకం మొదలు, ది లాఫింగ్ కార్ప్స్, 1994. హెరాల్డ్ గేనర్ అనే కోటీశ్వరుడు అనితని ఇంటికి పిలిపించి, దాదాపు 300 ఏళ్ల కిందట చచ్చిన మనిషిని లేపమంటాడు, 10 లక్షల డాలర్లు ఇస్తానంటాడు. ఆ లోకంలో శవం ఎంత పాతదైతే బలి అంత పెద్దది కావాలి. మామూలువాటికి కోడి, ఇంకా పాతవాటికి మేక. 300 ఏళ్లదానికి మేక చాలదు, ‘తెల్లమేక’ కావాలి, అంటే మనిషి. ఆ మాట వాళ్ల వృత్తిలో అలా చాటుగా అంటారు. అనిత కుదరదు అంటుంది. అంత డబ్బు కళ్లముందు పెట్టినా, బెదిరింపు కనపడుతున్నా కుదరదనే అంటుంది. తరవాతి నవలంతా ఆ ఒక్క మాటకి ఆవిడ కట్టే మూల్యమే. బలి అన్న మాట మనకి కొత్త కాదు కాబట్టేమో, ఊళ్లో జాతరకి మేకని తీసుకెళ్లడం చూసినవాళ్లం కాబట్టేమో, ఆ సీను నాకు గొంతుకి అడ్డంపడింది.

చూడు, మొదటి తొమ్మిది పుస్తకాల్లోనూ అనిత బలం అదే. కాదు అనగలగడం. జాన్ క్లాడ్ లాంటి వాంపైర్ లేసు చొక్కా వేసుకుని ఎంత తియ్యగా మాట్లాడినా ఆవిడ ఎన్ని పుస్తకాలు వద్దంటూ వచ్చిందో నీకు తెలుసు. రిచర్డ్ మంచివాడు, స్కూల్లో సైన్సు చెప్పే తోడేలు మనిషి, అతన్ని ప్రేమించి కూడా చాలాసార్లు వద్దంది. ఆ వద్దుల మధ్యనే టెన్షన్ అంతా ఉండేది. అవును అన్నప్పుడు ఆ అవునుకి విలువ అందుకే వచ్చింది.

తొమ్మిదోది, ఆబ్సిడియన్ బటర్‌ఫ్లై, 2000. కిరాయి హంతకుడు ఎడ్వర్డ్ పాత బాకీ కింద సాయం అడిగితే అనిత న్యూమెక్సికో వెళ్తుంది. సెయింట్ లూయిస్ మగవాళ్లు ఎవరూ దాదాపుగా కనపడరు, కేసు మాత్రం ఉంటుంది, చర్మం ఒలిచేసినా ప్రాణంతోనే ఉన్న మనుషులు ఆసుపత్రిలో ఉంటారు, ఇంకో పక్క ఎడ్వర్డ్ లాంటి హంతకుడు ఇద్దరు పిల్లలున్న ఒక ఆవిడని పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి ఉంటాడు. నా లెక్కలో సిరీస్ మొత్తానికి అదే శిఖరం. ఒకవేళ నీకు ఎప్పుడైనా అనిత మీద బెంగ వస్తే దాన్ని మళ్లీ చదువు.

పదోది నార్సిసస్ ఇన్ చెయిన్స్, 2001. అక్కడే ఆర్డ్యూర్ వచ్చింది. జాన్ క్లాడ్ వైపు నుంచి అనితకి సంక్రమించిన ఆకలి, కామంతో తప్ప తీరని ఆకలి, సమయం కాని సమయంలో లేస్తుంది, తీర్చకపోతే తనకీ, తనని నమ్ముకున్నవాళ్లకీ ప్రమాదం. ఇప్పుడు ఆలోచించు. కాదు అనడమే ప్రాణంగా ఉన్న పాత్రకి, కాదు అనే వీలే లేని శక్తి ఇచ్చారు. అక్కడి నుంచి కథ నడిచే పద్ధతే మారిపోయింది. కొత్త గండం, కొత్త మగవాడు, కొత్త శక్తి. వాడి కళ్ల రంగు, జుట్టు పొడవు, వేసుకున్న బట్టలు, ఆ తరవాత అందరూ కూర్చుని ఎవరి మనసు ఎలా నొచ్చుకుందో గంటలతరబడి మాట్లాడుకోవడం. హంతకుడు బయట ఎదురుచూస్తూ ఉంటాడు పాపం. మొదటి నవల 300 పేజీల లోపే, నిన్ను ఎనిమిది నెలలు తిప్పలు పెట్టిన 25వది 700 పైచిలుకు.

అందుకే పాతకాలం మనిషివి అన్న మాట మనసులోంచి తీసేయ్. నీ విసుగుకీ పాతకాలానికీ సంబంధం లేదు. ఒక మనిషి ఇష్టంతో, తన నిర్ణయంతో చేసే పనిని ఎంత వివరంగా రాసినా చదవొచ్చు, నేను చదువుతాను. ఇష్టం ఉందో లేదో తేలకుండానే శక్తి పేరు చెప్పి జరిపించేస్తుంటే మనసుకి ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా. రెండోది ఇంకా మామూలు సంగతి. కథని ముందుకి నడపని సీను ఏదైనా విసుగే. అదే చోట ప్రతి పుస్తకంలో నలభై పేజీల కత్తియుద్ధం పెట్టినా నువ్వు నాకు ఇదే ఉత్తరం రాసేదానివి.

మీ అక్కది కూడా తప్పు కాదు, ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒక ఆడది ఇంతమందిని ప్రేమించి, వాళ్లందరితో ఒకే ఇంటిలా బతికి, దానికి శిక్ష పడకుండా, ఏడవకుండా, ఉద్యోగం చేసుకుంటూ ఉండే కథలు ఎన్ని ఉన్నాయి? పదో పుస్తకం తరవాతే ఈ సిరీస్‌ని ఇష్టపడినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకి కేసు ఒక సాకు, ఆ ఇల్లు అసలు కథ. మీ అక్క ఆ ఇంటికోసం చదువుతోందేమో. పరాయి దేశంలో పగలంతా ఉద్యోగం చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పూట ఇన్నేళ్లుగా తెలిసిన మనుషుల మధ్యకి వెళ్లి కూర్చోవడం ఎంత హాయిగా ఉంటుందో నేను ఊహించగలను. నీకు కేసు కావాలి, తనకి ఆ మనుషులు కావాలి. ఒకే పుస్తకం మడతలు పెట్టి పంచుకున్న రోజుల్లో ఆ రెండూ అందులోనే ఉండేవి కాబట్టి మీ ఇద్దరికీ తేడా తెలియలేదు.

రచయిత్రి కూడా ఏమీ దాచలేదు. 2006లో, విసుక్కుంటున్న పాఠకులని ఉద్దేశించి ఒక బహిరంగ లేఖ రాసింది. నచ్చకపోతే చదవడం మానేయండి అన్నదే దాని సారాంశం. అప్పట్లో చాలామందికి కోపం వచ్చింది, నాకూ వచ్చింది, ఇన్ని పుస్తకాలు కొన్నాం కదా మమ్మల్ని ఇలా అంటుందా అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ చేసింది మర్యాదే అనిపిస్తోంది. తను ఎటు వెళ్తోందో చెప్పింది, వెనక్కి రానని చెప్పింది. మనమే వినకుండా, వచ్చే పుస్తకంలో పాత అనిత వస్తుందేమో అని వాకిట్లో నిలబడ్డాం. నువ్వు 2016 నాటి పుస్తకం దాకా నిలబడ్డావు. ఇంగువ కట్టిన గుడ్డకి వాసన పోదు, నిజమే, ఎడ్వర్డ్ ఫోన్ చేసినప్పుడల్లా, శ్మశానం సీను వచ్చినప్పుడల్లా ఆ వాసన గుప్పుమంటుంది, మనం ఇంగువ ఉందనుకుని మళ్లీ వెతుక్కుంటాం.

వృథా సంగతి. ఏం వృథా అయింది చెప్పు? ఇంటర్ సెలవుల్లో ఒకే పుస్తకానికి ఇద్దరు కొట్టుకున్న ఆ మధ్యాహ్నాలు 26వ పుస్తకం చదవకపోతే వెనక్కి పోతాయా? మొదటి తొమ్మిదీ నీకు ఇవ్వాల్సింది ఇచ్చేశాయి, అక్కడితో లెక్క తేలిపోయింది. తరవాతి పదహారు నువ్వు ఆశ మీద చదివావు. ఇంకో అయిదు చదివితే ఆ పదహారుకి కొత్తగా అర్థం వచ్చి చేరదు, ఇంకో రెండేళ్ల రాత్రిళ్లు మాత్రం పోతాయి.

ముగింపు కోసం ఆగుతున్నావేమో అని కూడా ఒక అనుమానం నాకు. 2023లోనే రెండు వచ్చాయి, 29వది స్మోల్డర్, 30వది స్లే. అనితకీ జాన్ క్లాడ్‌కీ పెళ్లి ఏర్పాట్ల మాట 2015 నాటి డెడ్ ఐస్‌లోనే విన్నాం, 2023లో అమ్మాయి తరఫువాళ్లు పెళ్లికొడుకుని చూడ్డానికి ఊళ్లోకి దిగారు. ఇది ఒక గమ్యానికి నడిచే కథ కాదు, రోజులు గడిచే కథ. పోనీ ముగింపు ఉన్నవైనా మనసుకి నచ్చినట్టు ముగుస్తాయా అంటే ఆ హామీ కూడా లేదు. షార్లెయిన్ హారిస్ రాసిన సూకీ స్టాక్‌హౌస్ సిరీస్ చూడు, లూయిసియానాలో వెయిట్రెస్‌గా పనిచేసే అమ్మాయి కథ, 2001లో మొదలై 13 పుస్తకాలతో 2013లో చక్కగా ముగించేసింది. చివరికి సూకీ ఎవరి పక్కన నిలబడిందో నచ్చక ఎంతమంది మండిపడ్డారో. పన్నెండేళ్లు ఎదురుచూసిన ముగింపు అది.

ఇంత చెప్పినా నీకు మనసొప్పకపోతే ఒక్కటంటే ఒక్కటి చెప్తాను. వరసగా చదవాలనే పట్టుదల వదిలేసి 27వది, సక్కర్ పంచ్, 2020లో వచ్చింది, అది తియ్యి. చిరుతగా మారే ఒక కుర్రాడు తనని పెంచిన పెదనాన్నో బాబాయో, ఇంగ్లీషులో అంకుల్ అంటే తేలదు కదా, ఆయన్ని చంపాడని మరణశిక్ష వారంట్ అనిత చేతికి వస్తుంది. గడువు తరుముకొస్తుంటుంది, వాడు నిజంగా చేశాడా లేదా అన్నది అనిత తేల్చాలి. చంపే హక్కు చేతిలో ఉంది, చంపనా వద్దా. అది పాత అనిత ప్రశ్న. అన్నేళ్ల తరవాత నేను మళ్లీ ముట్టుకున్నది అదొక్కటే, మధ్యలోవి ఏవీ చదవకుండానే కథ అర్థమైంది. మాటలు ఎక్కువే, చెప్పిందే చెప్పడం ఎక్కువే, అయినా పూర్తి చేశాను. వంద పేజీలు చూడు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలు కదా, వంద పేజీలు ఎక్కువే. పట్టుకోకపోతే మూసేయ్, మళ్లీ నాకు ఉత్తరం కూడా రాయక్కర్లేదు.

ఇక అక్క.

నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన మాట ‘చదువుతున్నా అని అబద్ధం చెప్తున్నాను’ అన్నది. వారానికి ఒక్క ఫోను, అందులో అబద్ధం. నువ్వు పుస్తకం ఆపేస్తే తనకి కోపం వస్తుందని భయపడుతున్నావు, కానీ ఇప్పుడు మీ ఇద్దరి మధ్య అడ్డంగా ఉన్నది ఆ అబద్ధమే. తను అడుగుతుంది, నువ్వు ఏదో ఒకటి అని మాట మారుస్తావు, తనకి అర్థంకాకుండా ఉంటుందా? పదిహేడేళ్లుగా నీతో పుస్తకాలు మాట్లాడుతున్న మనిషి. విసుగొస్తోంది అన్నప్పుడు పాతకాలం అని కసిరింది కూడా, నా లెక్క ప్రకారం, నువ్వు దూరం జరుగుతున్నావని తెలిసే.

మా అమ్మమ్మకి చూపు తగ్గాక వీక్లీలో వచ్చే సీరియల్ మా పిన్ని చదివి వినిపించేది. కొన్నాళ్లకి పిన్ని ఉద్యోగంలో చేరి చదివే తీరిక పోయి, వంట చేస్తూ నోటితోనే కథ చెప్పేది, తనకి నచ్చనివాళ్లని రెండు తిట్లు కలిపి మరీ. అమ్మమ్మకి అదే ఇంకా బాగుండేది. సీరియల్ ఎలా ముగిసిందో నాకు గుర్తులేదు, పిన్ని గరిట ఊపుతూ విలన్ని తిట్టడం మాత్రం కళ్లకి కట్టినట్టు ఉంది.

మీ అక్కతో ఇలా అను. అక్కా, నేను అనితని ఆపేశాను, 25 దగ్గర, ఇంక నా వల్ల కాలేదు, నీకు చెప్పడానికి భయపడ్డాను. నువ్వు మాత్రం ఆపకు. చదివి నాకు కథ చెప్పు. పెళ్లి ఏమైందో, ఎడ్వర్డ్ ఎలా ఉన్నాడో, ఎవరి మీద నీకు కోపం వచ్చిందో. ఇంతే అను, అంతకన్నా ఎక్కువ సంజాయిషీ వద్దు, ఆ సిరీస్‌లో ఏం తప్పులున్నాయో నేను పైన రాసినవి అస్సలు ఎత్తకు. తనకి ఇష్టమైనదాన్ని తన ముందు పెట్టి కోయక్కర్లేదు. 700 పేజీలు ఇరవై నిమిషాల్లో వస్తాయి, అదీ తన గొంతులో. తన నోట వింటే నీకే మళ్లీ చదవాలనిపించొచ్చు, అనిపించకపోవచ్చు, ఏదైనా ఫరవాలేదు. మొదటి రెండు మూడు ఆదివారాలు తను కాస్త ముభావంగా ఉంటే ఉండనీ. ఫోను మాత్రం మానదు.

ఆబిడ్స్‌లో కొన్న ఆ 40 రూపాయల కాపీ ఎవరి దగ్గరుందో నువ్వు రాయలేదు. మీ ఇంట్లోనే ఉంటే ఈ ఆదివారం ఫోను వచ్చేలోపు వెతికి తీసి పక్కన పెట్టుకో. చెప్పాల్సింది చెప్పేశాక తను మడత పెట్టిన పేజీ ఒకటి తెరిచి చదివి వినిపించు, అది ఎందుకు మడిచిందో అడుగు.